మాణిక్యం ఎక్కిన బర్రె

పురానాపూల్,
18 జనవరి 1938.

సుశీల వదినెకు మరదలు రాజమణి దండాలు.

అందరం బాగున్నామని మొదలుపెడదామనుకున్నాను. ఆ ఒక్క మాట రాస్తే మీ అమ్మ గురించి చెప్పుకోవడానికి నాకు ఇంకేమీ మిగలదు. అందుకని రాయడం లేదు.

నువ్వు రైలు గార్డు మొగుడి వెంట కాజీపేట పోయి రెండేళ్లు దాటింది. నా పిల్ల మాణిక్యం ఇప్పుడెట్లా ఉందో నీకు తెలియదు. నోరు మాత్రం అచ్చం నీ నోరే. కాళ్లు పుట్టినప్పటిలాగే ఉన్నాయి. ఏడవకుండా నీలంగా పుట్టిన పిల్లను నువ్వే కదా తలకిందులుగా పట్టుకుని ఏడిపించావు. మోకాళ్లు ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి. నిలబెడితే కాళ్లు కత్తెరలా అడ్డం పడి కొయ్యలా బిగుసుకుపోతాయి. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది, అంతే. తెలివికి లోటు లేదు. మన దగ్గర పాలు పోయించుకునే ఇళ్లలో ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎందుకు లేవో దాన్నే అడగాలి.

సంగతేమిటంటే, మొన్న దసరా దాకా దాన్ని చంకనేసుకుని తిరిగేదాన్ని. కాళ్లు చెరో పక్కా వేసుకుని హాయిగా కూర్చునేది. దసరా మర్నాడు మీ అమ్మ హుకుం చేసింది. "తొమ్మిదేండ్ల ఆడపోరి గిట్ల కాళ్లు ఎడం జేసి కూసుంటే సూసేటోళ్లు ఏమంటరు? మోకాళ్లు దగ్గర బెట్టి, ఒక పక్కకు మలిపి కూసుండబెట్టున్రి" అంది. అప్పటినుంచి పొద్దంతా అట్లాగే పీట మీద కూర్చుంటోంది. ఇప్పుడు కుడి తుంటి నొప్పి అంటోంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. అది ఆడే అబద్ధాలు నీకు తెలియనివి కావు. తలకు నూనె పెడదామంటే తుంటి నొప్పి. ఎక్కాలు చెప్పమంటే తుంటి నొప్పి. పక్కింటి సక్కుబాయి తినడానికి ఏదన్నా పట్టుకొస్తే ఆ నొప్పి నయాపూల్ దాటి పారిపోతుంది. మీ అమ్మది ఒకటే మాట, "నాటకాలు." నీ తమ్ముడు బర్రెలతో తప్ప ఎవరితోనూ మాట్లాడడు కాబట్టి ఆయన్ని అడిగి లాభం లేదు. నాకు మాత్రం లోపల భయంగా ఉంది. నిజమో నాటకమో కనిపెట్టే దారి ఏదన్నా ఉంటే చెప్పు.

మీ అమ్మ చేతికి చిక్కిన నీ మరదలు,
రాజమణి


కాజీపేట,
29 జనవరి 1938.

మరదలా,

మా అమ్మను ఆడిపోసుకుంటూ మా అమ్మ కూతురికే ఉత్తరం రాసే ధైర్యం మీ పుట్టింటివాళ్లు నేర్పారా, నీ సొంతమా? మా ఇంటాయన చదివి నవ్వాడు. నేను నవ్వలేదు. వంటింట్లోకి పోయి నవ్వాను.

మాణిక్యం నా పోలికని రాశావు, సంతోషం. నా పోలికే అయితే అది నాటకమే. చిన్నప్పుడు పేడ ఎత్తమంటే నాకు కడుపునొప్పి వచ్చేది. మా అమ్మ ఒక్కసారి కూడా నమ్మలేదు, ఒక్కసారి కూడా ఆమె లెక్క తప్పలేదు.

కనిపెట్టడం ఎంతసేపు. నొప్పి అన్నప్పుడు ఎదురుగా జిలేబీ పెట్టు. నొప్పి లేదంటేనే ఇస్తానను. నాటకమైతే జిలేబీకి లొంగుతుంది, నిజం నొప్పి లొంగదు. మా మరిది దొంగ జ్వరాన్ని నేను ఇట్లాగే పట్టుకున్నాను. ఆ తరవాత అతను ఆరు నెలలు మా ఇంటి గడప తొక్కలేదు, అది వేరే లాభం.

ఇక్కడ చలి బాగా ఉంది. ఈయన రైలు దిగి ఇంటికొచ్చినా నిద్రలో పచ్చజెండా ఊపుతున్నాడు. తమ్ముడు నర్సింహను అడిగానని చెప్పు. వాడు జవాబు చెప్పడని తెలుసు, అయినా చెప్పు.

అన్నీ తెలిసిన నీ వదినె,
సుశీలమ్మ


పురానాపూల్,
24 ఫిబ్రవరి 1938.

అన్నీ తెలిసిన వదినెకు,

నీ జిలేబీ పరీక్ష పెట్టాం. పెట్టినందుకు నిన్నూ నన్నూ కలిపి ఒకే కట్టెతో కొట్టాలి.

మీ అమ్మ జడ్జీ సాబులా ఎదురుగా కూర్చుంది. మాణిక్యం జిలేబీ చూసింది, నొప్పి లేదంది, తినేసి వేళ్లు నాకింది. నాటకమేనని తీర్పు అయిపోయింది. మర్నాడు పొద్దున కాళ్లు కడుగుదామని పోతే కుడికాలు పక్కకు జరపనివ్వలేదు. అరవలేదు వదినె. అరిచి ఉంటే నేను కూడా నాటకమే అనుకునేదాన్ని. జడ కొస నోట్లో పెట్టుకుని కొరుకుతూ గోడ వైపు చూస్తోంది. కళ్లనిండా నీళ్లు. "మరి నిన్న నొప్పి లేదన్నవేందే" అంటే, "జిలేబీ ఇస్తనంటివి గద" అంది. నొప్పి ఉన్న పిల్లకు జిలేబీ మీద ఆశ ఉండకూడదా? ఇంత పెద్దవాళ్లం, మనకు ఆ మాట తట్టలేదు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

ఆ పూటే నీ తమ్ముడు దాన్ని ఎత్తుకుని దవాఖానాకు నడిచాడు. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. తప్పు కాళ్లది కాదట. పుట్టేటప్పుడు మెదడుకు దెబ్బ తగిలిందట. అందుకే కాళ్లు పట్టు వదలడం లేదట. తొడ లోపలి నరాలు బిగుసుకుని తుంటి ఎముకను దాని గుంతలోంచి బయటికి గుంజుతున్నాయట. మోకాళ్లు దగ్గరపెట్టి, ఒక పక్కకు మలిపి కూర్చోబెడితే ఇంకా గుంజుతాయట. ఎముక పూర్తిగా జారితే పిల్ల ఇక కూర్చోలేదు, పడుకున్నా నొప్పే. రోజూ చాలాసేపు కాళ్లు ఎడంగా ఉంచాలి, వెచ్చగా ఉంచాలి, బలవంతంగా మాత్రం గుంజకూడదు. వానాకాలంలో మళ్లీ చూస్తానంది.

మోకాళ్ల మధ్య పెట్టమని దూది చుట్టిన చెక్క ఒకటి ఇచ్చింది. మాణిక్యం దాన్ని నీళ్లపొయ్యిలోకి తోసింది. ఆ రోజు నీళ్లు బాగా కాగాయి.

అప్పుడు నీ తమ్ముడు నోరు తెరిచాడు. "రంగి మీద కూసుండబెడత" అన్నాడు. రంగి తెలుసు కదా, మన కొట్టంలో అన్నిటికంటే వెడల్పాటి బర్రె. మూసీలో కడుక్కొచ్చి, దాని వీపున గోనెపట్టా వేసి, పిల్లను ఎక్కించి, నడుం పట్టుకుని పక్కనే నడిచాడు. మొదట్లో కాళ్లు ససేమిరా అన్నాయి. రంగి నాలుగడుగులు వేసి ఆగేది, మళ్లీ నాలుగడుగులు వేసేది. ఆ వేడికో, ఆ ఊపుకో, వంతెన దగ్గరికి పోయేసరికి మోకాళ్లు వాటంతటవే విడిపోయాయి. ఇంటికొచ్చేసరికి మాణిక్యం దాని మెడ మీద వాలి నిద్రపోతోంది. పిల్లకు అంత నిమ్మళమైన నిద్ర పట్టి ఎన్నాళ్లయిందో.

మీ అమ్మ వాకిట్లో ఉంది. చేతిలో చెంబు కింద పడేసింది. "బర్రెనెక్కేటోడు యముడు. నా మనుమరాలిని యముని వాహనం మీద ఊరేగిస్తున్రా?" అని ఒకటే లొల్లి. యముడిది దున్నపోతు అత్తమ్మా, మనది పాలిచ్చే బర్రె అన్నాను. "ఆ దున్నపోతును కన్నదెవలే? బర్రె గాదా?" అంది. రంగిని అమ్మేదాకా ముద్ద ముట్టనని కొట్టం ముందర బైఠాయించింది. ముద్ద ముట్టకపోయినా చాయ్ తాగుతోంది, నువ్వేం ఫికర్ చేయకు.

కానీ రంగి పోతే నా పిల్ల తుంటి ఏం కావాలి? ఆమె నీ తల్లి, నువ్వే ఏదో ఒకటి చెయ్యి.

రాజమణి


కాజీపేట,
6 మార్చి 1938.

రాజమణీ,

జిలేబీ పాపం నాదే. ఆ పిల్ల జడ కొరుక్కుంటూ గోడకేసి చూసిందని చదివి ఆ పూట నాకు అన్నం దిగలేదు. మొదలే నాకు చెప్పుతో కొట్టినట్టుంది, నువ్వు కట్టె వెతుక్కోనక్కర లేదు.

ఇక అమ్మ సంగతి. యముడి భయాన్ని డాక్టరమ్మ మాటతో పోగొట్టలేం, యముడితోనే పోగొట్టాలి. కింద రాసింది ఆమెకు గట్టిగా చదివి వినిపించు. ఇక్కడిదాకా రాసింది ఆమెకు వినిపించావంటే నీతో మాట్లాడను.

"అమ్మకు సుశీల రాసేది. మన మాణిక్యం రంగినెక్కిందని తెలిసి గుండె గుభేలుమంది. స్టేషనులో కాశీ నుంచి వస్తున్న ఒక ముసలి సాధువు కనిపిస్తే అడిగాను. ఆయన కళ్లు మూసుకుని తెరిచి ఇట్లా చెప్పాడు. పిచ్చిదానా, బర్రె మీద మీ పిల్ల కూర్చుంటే యముడు ఎక్కడ కూర్చుంటాడు? నడిచి రావాలి కదా. ముసలాయన, అంత దూరం నడవలేడు. ఆ పిల్లను దించారా, జాగా ఖాళీ అయినట్టే. ఇక మీ ఇష్టం అన్నాడు. నేను కాళ్లకు మొక్కాను."

ఈ సాధువును సృష్టించడానికి నాకు ఒక గ్లాసు చాయ్ పట్టింది. ఎట్లా పారిందో రాయి.

సుశీలమ్మ


పురానాపూల్,
30 ఏప్రిల్ 1938.

సాధువు గారి పాదాలకు దండాలు.

నీ సాధువు పారడం కాదు వదినె, వరదలా ముంచాడు. చదవడం ఐపోగానే మీ అమ్మ లేచి ముఖం కడుక్కుని, రంగికి పసుపు కుంకుమ పెట్టి, మాణిక్యాన్ని తన చేతులతోనే ఎక్కించింది. నేను లోపలికి పోయి నీలాగే నవ్వుకున్నాను. నెల రోజులు రోజూ ఎక్కింది. తుంటి నొప్పి సగానికి పడిపోయింది. డాక్టరమ్మతో చెబితే పడీ పడీ నవ్వి, "నా చెక్క కంటే మీ బర్రే నయం, పిల్ల పడకుండా పట్టుకోండి చాలు" అంది.

అక్కడితో ఆగితే అది మీ అమ్మ ఎందుకవుతుంది? మన గల్లీలో రోగిష్టివాళ్లు ఎంతమంది, వాళ్లకు మాత్రం యముడు ఎందుకు రావాలి అంది. దగ్గు లక్ష్మయ్యను ఎక్కించింది. చలిజ్వరం మాణిక్యమ్మను, మన పిల్ల పేరే పెట్టుకున్న ముసలామె, ఆమెను ఎక్కించింది. తరవాత పేరే తెలియని జనం. పొద్దున పాలు పితికే వేళకు కొట్టం ముందర వరస. ఒకాయన ఏ రోగం లేకుండానే వచ్చాడు, ముందుజాగ్రత్తకట. రంగి పాలు చేపడం మానేసింది, ఒకరోజు నీ తమ్ముణ్ని తన్నింది. మాణిక్యానికి చివర్న ఎప్పుడో వంతు. అప్పటికి ఎండ ముదిరిపోయేది. నొప్పి మళ్లీ మొదలైంది.

నేను మీ అమ్మతో పోట్లాడదామని కొంగు దోపుకుంటున్నాను. అంతలో నీ మేనకోడలే పని కానిచ్చింది. ఒక పొద్దున అరుగు మీద కూర్చుని, వరసలో ఉన్న లక్ష్మయ్యతో మెల్లగా అంటోంది. "తాతా, ఒక ముచ్చట. రంగి ఎవలి దిక్కు మెడ మలిపి సూస్తదో గాళ్లదే ఫస్టు నంబరట. యమునికి ఆనవాలు సూపెడ్తదట. నాయినమ్మ ఎవలికి జెప్పొద్దన్నది." ఎవరికీ చెప్పొద్దన్న మాట వరస చివరిదాకా పోవడానికి ఎంతసేపు. అందరూ ఊపిరి బిగబట్టి రంగినే చూస్తున్నారు. రంగికి ఏం తెలుసు పాపం, ఈగ వాలితే మెడ తిప్పి అందరినీ ఒకేసారి చూసింది.

వదినె, దగ్గు లక్ష్మయ్య అంత జోరుగా ఉరుకుతాడని ఎవరూ అనుకోలేదు. ముసలి మాణిక్యమ్మ ఆయన్ని దాటేసింది. మర్నాటినుంచి గల్లీలో ఎవరికీ ఏ రోగమూ లేదు. మీ అమ్మ కర్ర తీసుకుని మాణిక్యం మీదికి వచ్చింది, సగం దారిలోనే నవ్వొచ్చి కూలబడింది.

ఇప్పుడు రంగి మళ్లీ మా మాణిక్యానిదే.

రాజమణి


పురానాపూల్,
20 ఆగస్టు 1938.

వదినె,

ఎక్కువ రాయలేను. వానలకు మూసీ పొంగి, గల్లీ అంతా బురదై రంగిని బయటికి తీయలేకపోయాం. మాణిక్యానికి నొప్పి తిరగబెట్టింది. దవాఖానాలో తుంటి ఎముక ఫోటో తీశారు. కాలు కోయాలట. మీ అమ్మ ఒప్పుకుంది. నాకేం తోచడం లేదు.

రాజమణి


కాజీపేట,
24 ఆగస్టు 1938.

రాజమణీ,

కాలు కోయడమేమిటి? ఏ కాలు? ఎక్కడిదాకా? మా అమ్మ ఒప్పుకోవడమేమిటి, ఆమెకు మతి పోయిందా? కత్తెర కాళ్లయితే మాత్రం అవి దాని కాళ్లు కావా? నేను ఏడుస్తుంటే ఈయన కంగారుపడి, ఎందుకైనా మంచిదని చంకకర్రలు చేయించి, తనకు తెలిసిన గార్డు చేత మీకు పంపాడు. అవి అందేలోగా ఎవరినీ కత్తి పట్టనివ్వకు. నేను వద్దామంటే ఈయనకు జ్వరం, అత్తగారు మంచంలో ఉంది. వెంటనే జవాబు రాయి.

సుశీల


పురానాపూల్,
30 ఆగస్టు 1938.

వదినె,

నన్ను క్షమించు. కంగారులో సగం మింగేశాను. కోసేది కాలు కాదు. తొడ లోపల బిగుసుకున్న నరాన్ని చిన్న గాటు పెట్టి వదులు చేస్తారట, అంతే. మీ చంకకర్రలు అందాయి. ఎవరి కొలతకు చేయించారో కానీ అవి నీ తమ్ముడికంటే పొడుగున్నాయి. పందిరికి గుంజలుగా వేశాం.

మీ అమ్మ ఎందుకు ఒప్పుకుందో చెబుతాను, విను. ఆ రోజు డాక్టరమ్మ ఫోటో చూసి, ఎముక ఇంకొంచెం జారింది, బర్రె వల్లే ఇంతకాలం ఆగింది, ఇక నరం వదులు చేయక తప్పదు అంది. మాణిక్యం అంతా వింటోంది. "నొప్పి ఉందా అమ్మా?" అని డాక్టరమ్మ దాన్నే అడిగింది. "లేదు" అంది. "ఇక్కడ నొక్కితే?" "లేదు." "కాలు జరిపితే?" "లేదు. అసలు ఎన్నడు లేకుండె. గవన్ని నాటకాలు. మా నాయినమ్మనడుగు, ఆమెకు ఎర్కే."

వదినె, నేనే నమ్మబోయాను. కోత తప్పుతుందంటే ఏ తల్లికి నమ్మబుద్ధి కాదు? డాక్టరమ్మ మీ అమ్మ వైపు తిరిగింది. మొదట్లో నాటకాలు, నాటకాలు అన్న మనిషి. ఆమె పిల్ల దగ్గరికి పోయి, నోట్లోంచి జడ కొస తీసింది. నమిలి నమిలి తడిసిపోయి ఉంది. "దీని మాట నమ్మకు డాక్టరమ్మా" అంది. "గిది నొప్పి ఉన్నదని మొత్తుకున్ననాడు ఉంటే ఉంటది, లేకుంటే లేదు. లేదని గిట్ల మెల్లగ జెప్పిననాడు మస్తుంటది. నేను గుడ్డిదాన్నై ఇన్నొద్దులు సూడలే. కోస్తవో ఏం జేస్తవో, దీని నొప్పి తియ్యి." మాణిక్యం ఆమె చెయ్యి కొరికింది. మీ అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

నాకు భయంగా ఉంది వదినె. మత్తు ఇస్తారట. పుట్టినప్పుడే ఒకసారి ఊపిరి అందని పిల్ల. కోత వచ్చే వారమే. నువ్వు కూడా దేవుడికి చెప్పుకో.

రాజమణి


పురానాపూల్,
27 సెప్టెంబరు 1938.

వదినె,

నీ మేనకోడలు బాగుంది. ముందు ఆ మాట రాస్తున్నాను, మళ్లీ నువ్వు ఇంకేదన్నా చేయించి పంపకముందే.

మత్తులోంచి లేవగానే డాక్టరమ్మను ఒక బూతు మాట అందట. ఎక్కడ నేర్చుకుందో నేను అడగలేదు, నీ తమ్ముడు తల దించుకున్నాడు. కాళ్లు రెండూ ఎడంగా పెట్టి, తొడల నుంచి కింది దాకా పట్టీ కట్టి, మధ్యలో అడ్డుకర్ర వేశారు. మొదట్లో నీరసపడిపోయింది, అన్నం ముట్టలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. దాని నోరు మూతపడితే నాకు ప్రాణం పోయినట్టుంది. అబద్ధమైనా ఆడవే అని బతిమాలాను. ఒక రోజు మీ అమ్మను పిలిచి, "రంగిని సూడాలె" అంది.

మీ అమ్మ ఏం చేసిందో తెలుసా? నిన్న పొద్దున నీ తమ్ముడికి కూడా చెప్పకుండా రంగి పలుపు చేత పట్టుకుని, పురానాపూల్ నుంచి మూసీ ఒడ్డెంబడి నడిపించుకుంటూ వచ్చింది. దవాఖానా గేటు దగ్గర చౌకీదారు చాయ్ తాగడానికి పోయినట్టున్నాడు. నేరుగా మా వార్డు వరండా ముందరికి తోలుకొచ్చింది.

వదినె, వార్డులో ఉన్నవాళ్లందరూ రోగులు. పొద్దున్నే కళ్లు తెరిచేసరికి కిటికీలోంచి బర్రె చూస్తోంది. ఒకామె రామ రామ అని దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. ఒకామె నాకు నయమైంది, ఇంటికి పోతానని మూట కట్టేసింది. ఇంకొకామె ఏడుస్తూ, "ఎవలి కోసమొచ్చిందమ్మా?" అని అడిగింది. మీ అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "భయపడకున్రి, మీకోసం రాలే. గిది మా పిల్లది" అంది. డాక్టరమ్మ ఉరికొచ్చి మీ అమ్మను ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి తిట్టింది. తిట్టి, మంచం వరండాలోకి జరపమంది.

మాణిక్యం చెయ్యి చాపితే రంగి నాకింది. అప్పుడు నవ్వింది పిల్ల. మీ అమ్మ మంచం మీదికి వంగి, "నొప్పున్నదా బిడ్డా?" అంది. "లేదు నాయినమ్మా" అంది మాణిక్యం. మీ అమ్మ నమ్మలేదు. గడ్డం పట్టుకుని, ముఖం వెలుతురుకు తిప్పి, కళ్లలోకి చాలాసేపు చూసింది. జడ కొస తడిమి చూసింది. పొడిగా ఉంది. "గీసారి నిజమే చెప్పింది" అని నాతో అని, రంగి మెడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

రాజమణి